పెట్టెకు కూడా చెప్పని గుర్తు

దగ్గరికి జరగండమ్మా, ఈ సముద్రం హోరులో మాట సగం కొట్టుకుపోతుంది. పైడితల్లి కథ ఇది. సగం వింటే లాభం లేదు.

ఆ పొద్దున పైడితల్లి పొయ్యి ముట్టించలేదు. గోడగూట్లోని గుర్తుపెట్టె ముందు కూర్చుంది. కొబ్బరిచిప్పంత పెట్టె. ఇంట్లోవాళ్ళు చెప్పిందల్లా దాచి, అడిగినప్పుడు పలుకుతుంది. ఆ కాలంలో బిడ్డ పుట్టినరోజు నుంచి పులుసులో ఉప్పు దాకా ఏదీ ఎవరి తలలోనూ ఉండేది కాదు. అన్నీ పెట్టెల్లోనే.

మునుపు ఆ మాటలన్నీ ఒక కంపెనీ దగ్గర ఉండేవి. అది జాలర్ల చేపల చోట్లను పెద్ద ఓడలవాళ్ళకు చెప్పేసింది. దాంతో జాలారిమెట్ట వాళ్ళు ఎవరి పెట్టె వాళ్ళే ఇంట్లో పెట్టుకున్నారు. దాన్ని నడిపే రాతలో, అదే ప్రోగ్రాములో, దాపరికం లేదు. ఎవరైనా చదవొచ్చు, సరిచేసుకోవచ్చు. లోపలి మాటలు మాత్రం ఇంటివాళ్ళ గొంతు వింటేనే పలుకుతాయి.

పైడితల్లి మొగుడు దానయ్య ముందురోజు వేటకు వెళ్ళాడు. గాలి తిరిగింది. అందరి పడవలూ వచ్చాయి, అతనిది రాలేదు. పడవ జాడ చెప్పే చోటుబిళ్ళ ఇంట్లో కిటికీలోనే ఉంది. నీటి అడుగున తాను కనిపెట్టుకున్న, చేపలు చేరే రాతిదిబ్బ ఇంకొకడికి తెలియకూడదని, ఆ బిళ్ళను ఎప్పుడూ ఊడదీసి పోయేవాడు.

"మావ దిబ్బ ఎక్కడ?" అని పెట్టెను అడిగింది.

"నీటి మీంచి ఒడ్డుకేసి చూస్తే, రెండో కొండ కొస దీపస్తంభం మీదుగా కనపడే వరస. ముప్పై బారల లోతు," అంది పెట్టె, దానయ్య గొంతుతోనే.

దానయ్య తమ్ముడు గంగన్న వెతుకుపడవలతో అక్కడికే పోయాడు. మధ్యాహ్నం, పడవ నుంచి ఇంటికి మాట మోసే మాటబిళ్ళలో పలికాడు. "వదినా, ఇక్కడేటీ నేదు. దిబ్బ కూడా నేదు. అంతా బురదే."

ఆమె మళ్ళీ అడిగింది. పెట్టె మళ్ళీ అదే చెప్పింది. బతిమాలింది.

"ఇంతకు మించి నా దగ్గర లేదు," అంది పెట్టె.

పొద్దున్నుంచీ ఒడ్డున నిలబడ్డ అత్త ఎర్రమ్మ అప్పుడే గడపలోకి వచ్చింది. "ఎక్కడ ఎతుకుతున్నారే?"

"రెండో కొండ వరసలో అత్తా. మావే సెప్పి పెట్టినాడు."

ఎర్రమ్మ గడపలోనే కూలబడింది. "ఓలమ్మా, దిబ్బ ఎక్కడంటే జాలరోడు నిజం సెప్తాడేటే? ఆడి అయ్య నాకే ఒక కొండ తగ్గించి సెప్పీవోడు. నలుగురూ సదివే రాతతో నడిసే పెట్టికి నా కొడుకు నిజం సెప్తాడా? మూడో కొండ. ఎల్లమను, మూడోది."

పెట్టెను కట్టినవాళ్ళు దొంగలను తలుచుకుని కట్టారు. సొంత మనిషే దానికి అబద్ధం చెప్పి పోతాడని వాళ్ళకు తోచలేదు.

పడవలు అక్కడికి చేరేసరికి పొద్దు వాలింది. దానయ్య నడుముకు తాడు వేసుకుని, బోర్లాపడ్డ పడవకు తనను కట్టుకుని ఉన్నాడు.

"ఒళ్ళింకా ఎచ్చగానే ఉంది వదినా," అన్నాడు గంగన్న.

"ఊపిరుందా?"

"నేదు వదినా. ఒడ్డుకు తెస్తన్నాం."

దినాలయ్యాక పైడితల్లి ఒడ్డున నిలబడి, వేటకు పోయే ప్రతి పడవకూ ఆ గుర్తు చెప్పింది. ఇంటి రహస్యం బయటపెడుతోందని తిట్టినవాళ్ళకూ చెప్పింది.

మీరూ ఆ గుర్తు మనసులో పట్టుకోండి. మూడో కొండ కొస, దీపస్తంభం మీదుగా, ముప్పై బారలు. రెండోది కాదు. ఇంటికెళ్ళాక పెట్టెలో పడేసి ఊరుకోకండి, తల్లీ. మీవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పండి.