రహంతుల్లా ఛత్రం

కళ్యాణదుర్గం బస్టాండు రోడ్డులో రహంతుల్లా అంగడి తెరిచిన రోజే ఎదురింటి నూర్జాన్ పడీపడీ నవ్వింది. కుట్టుమిషను మీద కాలు ఆగిపోయి, చేతిలో జాకెట్టు జారి కింద పడింది. తన కొత్త చొక్కా చూసి నవ్విందనుకున్నాడు పాపం. లోలోపల కొంచెం మురిసిపోయాడు కూడా.

"ఏమప్పా, ఈ బోర్డు ఎవురు రాసినారు?" అంది ఆ పిల్ల రోడ్డు దాటి వచ్చి.

"నేనే రాసినా. ఏం, బాగలేదా?"

"'రహంతుల్లా ఛత్రం' అంట! ఈడ ఛత్రమంటే పెండ్లిండ్లు చేసుకునే, దారినపోయేవాళ్లు పండుకునే ఇల్లు. నువ్వు పెట్టింది గొడుగుల అంగడి. అదీ వానలు పడని ఊర్లో!"

"పుస్తకంలో ఛత్రమంటే గొడుగే."

"పుస్తకంలో వానలు కూడా పడతాయిలే!"

రహంతుల్లాకు ఒళ్లు మండింది. పదేళ్లప్పుడే బెంగళూరు పోయి, మేనమామ దగ్గర గొడుగుల పని నేర్చుకుని, మూటలకొద్దీ పాత గొడుగులతో సొంత ఊరికి తిరిగొచ్చినవాడు. ఏమైనా సరే బోర్డు మార్చేది లేదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

నాయన ఫకృద్దీన్ మాత్రం ఒకే మాట చెప్పాడు. "మూడు నెలలు చూస్తా. అంగడి నిలబడిందా, సరే. లేదంటే మళ్లీ బెంగళూరే. ఈసారి మిల్లులో చేర్పిస్తా."

మొదటి నెల వచ్చినవాళ్లంతా పరుపుచుట్టలతో వచ్చారు. "అన్నా, పండుకునేదానికి చోటుండాదా?" అని అడిగి, గొడుగులు చూసి, తిట్టుకుంటూ పోయారు. రహంతుల్లా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. కూర్చున్న చోటినుంచి ఎదురింటి వరండా బాగా కనబడేది. కనబడుతోంది కాబట్టి చూస్తున్నాను గానీ చూడాలని కాదు, అని రోజూ తనకు తానే చెప్పుకునేవాడు.

ఒకరోజు నూర్జానే వచ్చింది. "అంత దీర్ఘంగా ఏం ఆలోచిస్తాండావు?"

"మంచి ఆలోచన ఒకటి రావల్ల. రాలే."

"మంచిదే కావాలంటే యాడొస్తాది? నేను కొత్త రకం జాకెట్టు కుట్టేముందు పాత పేపరు కత్తిరించి చూస్తా. పేపరు పాడైతే ఎవురూ ఏడ్వరు. నువ్వూ పొద్దున్నే అంగడి తెరిచేముందు రోజుకొక పేపరు ఆలోచన చెప్పు. పిచ్చిదైతేనే వింటా. మంచిదైతే లేచిపోతా."

మరునాడు పొద్దున్నే మొదలైంది.

"మేకలకు గొడుగులు."

"బాగుండాది. గొడుగుల్ని మేకలే తినేస్తాయి."

"బావి మీద పెద్ద గొడుగు."

"దాచుకునేదానికి నీళ్లు యాడుండాయప్పా?"

తిట్టినా, నవ్వినా, మరునాటికి ఇంకొకటి సిద్ధం చేసుకోవాలి. అందుకోసం రోడ్డున పోయే ప్రతి మనిషినీ చూడటం అలవాటైంది. ఎవరికి ఎండ ఎక్కడ తగులుతోంది, ఎవరు చేతులు ఖాళీ లేక మాడిపోతున్నారు అని గమనించాడు. శెనిక్కాయలమ్మే మారెక్క బుట్టకు పొడుగు కట్టె కట్టి గొడుగు నిలబెట్టాడు. చూసి ఇంకో ముగ్గురు అడిగారు.

"ఇది పిచ్చిది కాదు," అని నూర్జాన్ మూతి ముడిచింది. "జరిమానా కింద రేపు రెండు చెప్పల్ల."

కానీ నాలుగు బుట్టలతో అంగడి నిలబడుతుందా? గడువు ఇంక పదిహేను రోజులే ఉంది. బెంగళూరు తలుచుకుంటే మిల్లు కంటే ముందు ఎదురుగా వరండా లేని గోడ గుర్తొచ్చి దిగులేసేది.

అప్పుడొచ్చాడు కంబదూరు లింగప్ప. "అన్నా, కూతురు పెండ్లి. ఛత్రం బాడుగకిస్తావా?"

లేదని చెప్పబోయి రహంతుల్లా ఆగాడు. "ఇంటి ముందర పందిరి వేసుకోరాదా?"

"పందిరి మీదకు కొమ్మా రెమ్మా యాడిదన్నా? మూడేండ్లుగా వానల్లేవు. షామియానా అంటే అనంతపురం నుంచి రావల్ల. అది మా తాహతు కాదు."

రహంతుల్లా పాత గొడుగుల మూటల వైపు చూశాడు. "ఇస్తా. ఛత్రమే మీ ఊరికి వస్తాది."

లింగప్ప వెళ్లగానే నూర్జాన్ పరిగెత్తుకొచ్చింది. "ఏం చెప్పినావప్పా ఆయనకు?"

"గొడుగులన్నీ విప్పి ఒకే గుడ్డగా కుడితే పందిరి కాదా?"

"కుట్టేదెవురు?"

అతను ఆమెనే చూశాడు.

"అట్ల చూడద్దు. కుడతాలే."

పది రోజులు మిషను ఆగలేదు. తీరా తీసుకుపోతే లింగప్ప తల్లి నల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "పెండ్లికి నల్ల పందిరా!" రహంతుల్లా గుక్కతిప్పుకోకుండా నాలుగు పిచ్చి ఆలోచనలు చెప్పాడు. సున్నం కొడదామన్నాడు, పూలు కుడదామన్నాడు, కళ్లు మూసుకుని రమ్మందామన్నాడు. నాలుగోది పనికొచ్చింది. చుట్టాల పాత చీరలన్నీ పసుపులో ముంచి లోపలివైపు కుట్టారు. పైన ఎండకు నలుపు, కింద పెళ్లికి పసుపు.

పెళ్లిరోజు నూర్జాన్ తన మేనత్త పీరాంబీతో వచ్చింది, కుట్లు ఊడితే వేయడానికని. ఫకృద్దీన్ కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం నీడలో హాయిగా కూర్చున్నారు. తాళి పడింది. రహంతుల్లా ఊపిరి పీల్చుకున్నాడో లేదో, ఆకాశం ఉరిమింది.

వాన! మూడేళ్ల తర్వాత వాన! పిల్లాజెల్లా, ముసలీముతకా అంతా కేకలు పెడుతూ బయటికి పరిగెత్తారు. పెళ్లికొడుకు పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని ఉరికాడు. ఫకృద్దీన్ కూడా టోపీ తీసి మొహం పైకెత్తి నిలబడ్డాడు. పందిరంతా ఖాళీ.

"చూసినావా నూర్జాన్? ఎండకు గొడుగు పడితే కూర్చున్నారు, వాన రాంగానే నన్ను వదిలి పోయినారు. ఇంక అంగడేముంది, బెంగళూరే."

ఈసారి ఆమె నవ్వలేదు. "పోతావా?"

"పోను. పోలేను. పొద్దున లేస్తే నీకేం చెప్పాలనే ఆలోచిస్తాండా. అంగడి కోసం కాదు, నువ్వు నవ్వాలని. నువ్వంటే నాకిష్టం నూర్జాన్."

వాన చప్పుడులో ఆమె గొంతు సన్నగా వినిపించింది. "ఇది పేపరా, గుడ్డా?"

"గుడ్డే. కత్తెర కూడా వేసేసినా."

మూలనుంచి దగ్గు వినిపించింది. మోకాళ్ల నొప్పులతో కదల్లేక పీరాంబీ అక్కడే కూర్చుని ఉంది. "వినకూడదనే అనుకుంటి. ఎంతసేపని చెవులు మూసుకునేది?" అని, బయటికి కేకేసింది. "ఓ ఫకృద్దీనన్నా! ఇట్లా రా!"

ఫకృద్దీన్ తడిసి ముద్దై వచ్చాడు. వెనకే లింగప్ప వియ్యంకుడు, గార్లదిన్నె మనిషి, వచ్చాడు. "ఏమప్పా, వచ్చే నెల మా చిన్నోని పెండ్లి. ఛత్రం మాకూ పంపల్ల," అని రహంతుల్లా చేతులు పట్టుకున్నాడు. ఫకృద్దీన్ అది విని, పందిరి కుట్లమీద చెయ్యి పెట్టి చూశాడు. ఒకటి రెండు చుక్కలు తప్ప ఎక్కడా కారలేదు.

పీరాంబీ ఫకృద్దీన్ చెవిలో ఏదో చెప్పింది. ఆయన కొడుకును వదిలేసి నూర్జాన్ వైపు తిరిగాడు.

"ఏం పిల్లా, వీణ్ణి బెంగళూరికి తోలల్నా, ఈడనే ఉండనియ్యల్నా? నువ్వే చెప్పు."

మాటలు వచ్చినప్పటినుంచీ ఆయన్ను చాచా అని పిలిచిన పిల్ల. తల దించుకుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంది. 

"ఈడనే ఉండనీ... మామా."