నాలుగువందల ఒకటో బిడ్డ

"నాలుగువందలు," అని బిడ్డ వరస సంఖ్య చెప్పి వరహాలమ్మ పట్టీల యంత్రం మీట నొక్కింది. ఏడేసి కట్టలుగా లెక్కకట్టి యంత్రం చేతిపట్టీ మీద అంకెలు గుద్దింది: 1111. ఎటునుంచి చదివినా ఒకటే. సరిముఖం. తల్లి ఆ పట్టీని పిల్లాడి ముంజేతికి చుట్టి ఊపిరిగది వైపు పరుగెత్తింది. చంటిబిడ్డ పట్టీతోనే తల్లికీ దారి.

సముద్రం అడుగున ఉన్న కడలిగూడెంలో మంచిగాలి అంతా ఆ గదిలోనే. దాని తలుపుకి ఉన్నది ఒక్కటే గడపకన్ను. లోపలికి వెళ్ళేటప్పుడు అంకెల్ని ఎడమ నుంచి, బయటికొచ్చేటప్పుడు కుడి నుంచి చదువుతుంది. రెండూ కలవకపోతే ఎవరో దొంగ దూరాడనుకుని బిగుసుకుపోతుంది. బయటికొచ్చేవాళ్ళని సరిగ్గా చదివే రెండో కన్ను పెట్టడానికి నూరేళ్ళుగా ఎవరికీ చేతులు రాలేదు. సరిముఖం లేనివాళ్ళు బయటి వరండాలోనే ఉండాలని మాత్రం చట్టం రాసిపడేశారు. ఏం తెలివో! లోపల సగం పడకలు ఖాళీ.

"నాలుగువందల ఒకటి."

1112 పడింది.

పట్టీ చూసి పైడమ్మ కూలబడిపోయింది. ఒళ్ళో బిడ్డ నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. పెదాలు నీలంగా ఉన్నాయి.

"వరండాకి పంపించు," అన్నాడు పర్యవేక్షకుడు సన్యాసిరావు.

"ఆ చెమ్మగాలికి సాయంత్రం దాకా బతకదండీ," అంది పైడమ్మ.

"అంకె బాగోలేకపోతే నేనేటి చేసేది?"

వరహాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఈ మాట విని తలదించుకుంది. ఇక చాలు.

"అంకెకేం రోగం? మనం రాసే తీరుకే రోగం."

మొదటివాళ్ళు ఏడు పడవల్లో దిగారట. అందుకని, ఎన్నేసి కట్టలు కట్టాలో యంత్రానికి చెప్పే మూలచక్రాన్ని ఏడు దగ్గర ఆపి లక్కముద్ర వేశారు. ఏటేటా దానికి పసుపు రాస్తారు తప్ప ఎవరూ కదపరు. వరహాలమ్మ స్క్రూడ్రైవరుతో ఆ లక్క పెళ్ళగించి, చక్రాన్ని ఇరవై దగ్గరికి తిప్పింది.

"ఇరవై ఇరవైలు ఒక పెద్ద కట్ట. విడి ఇరవైలు లేవు. మిగిలింది ఒకటి," అంటూ మీట నొక్కింది.

101.

"పో తల్లీ, పరుగెత్తు!"

గడపకన్ను ఆకుపచ్చగా వెలిగింది. పైడమ్మ లోపలికి దూరింది. కాసేపటికి గదిలోంచి పిల్ల ఏడుపు గట్టిగా వినిపించింది.

సన్యాసిరావు మొహం జేవురించింది. "దీనికేదో కుదిరింది. నాలుగువందల రెండుకి ఏ మూలం తెస్తావు?"

వరహాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. చక్రాన్ని నాలుగువందల ఒకటికి తిప్పింది. ఒక కట్ట, పైన ఒకటి. 11.

"నాలుగువందల మూడుకో?"

నాలుగువందల రెండుకి తిప్పింది. 11.

ఆమెకి నవ్వొచ్చింది. ఎవరి అంకెకైనా ఒకటి తక్కువగా కట్ట కడితే చాలు. ఇంత చిన్న విషయానికి ఎంతమంది పిల్లలు పోయారో తలచుకుంటే ఆ నవ్వు ఆగిపోయింది.

"నీకు మతిపోయిందా?" అన్నాడు సన్యాసిరావు. "అందరికీ పదకొండే పడితే లోపల ఉన్నది ఎవరో తలుపుకెలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు. తలుపు తెరుచుకుంటే చాలు."

ఆమె వరండా వైపు తిరిగి గొంతెత్తి కేకేసింది.

"పాత పట్టీలు విప్పి పారేసి రండి! అందరూ రండి!"