మలుపు దగ్గర దగ్గే బండి

పక్కింటి గోడ మీది రాకపలక పన్నెండూ ముప్ఫై ఎనిమిదికి పచ్చగా వెలిగి, ఆ ఇంటి కోడలు రెండు నిమిషాల పధ్నాలుగు సెకన్లలో గడప తొక్కుతుందని చెప్పింది. అత్తగారు సరిగ్గా రెండు నిమిషాలు ఆగి కంచం పెట్టింది. కోడలు వచ్చింది. ఆమెను దింపిన బండి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో చెవికి తెలియలేదు. బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా అందరి ఇళ్లలోనూ అన్నం ఇలాగే వడ్డిస్తున్నారు.

వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తున్న సహస్రకు మాత్రం ఒళ్లు మండింది. కోడలి మీద కాదు, పలక మీద.

రోడ్ల కింద పరిచిన తీగల అల్లికను జనం దారిమనసు అంటారు. బండ్లన్నిటినీ అదే నడుపుతుంది, ఇళ్లలోని రాకపలకల్నీ చల్లదనాన్నీ కూడా అదే చూసుకుంటుంది. మనిషి ఎక్కి కూర్చుని వెళ్లాల్సిన చోటు చెబితే చాలు. ప్రమాదాలు లేవు, హారన్లు లేవు, ఆలస్యాలు అసలే లేవు. అలాంటిదాన్ని తిట్టాలంటే కాస్త మొండితనం కావాలి. అరవై మూడేళ్ల సహస్రకు అది పుష్కలంగా ఉంది.

ఆమె ఇంటి రాకపలక ఏనాడూ వెలగలేదు. భర్త మోక్షిత్ బతికుండగా కూడా వెలగలేదు, ఎందుకంటే ఆయన బండి దారిమనసుకు లొంగేది కాదు. ముందు భాగం ఒక కారుది, వెనక భాగం ఇంకో కారుది, తలుపులు వేరే రెండు బండ్లవి. ఇంజను పొలంలో నీళ్లు తోడే పంపుసెట్టుది. కానుగ నూనె పోస్తే నడిచేది. ఊరంతా దాన్ని కలగూరగంప అని వెక్కిరిస్తే, మోక్షిత్ ఆ పేరే ఎర్ర రంగుతో వెనక అద్దం మీద రాయించుకున్నాడు. ఆటోనగర్ లోపలి వీధుల్లో మాత్రం నడుపుకోమని సర్కారు ఆయనకు చేతిబండి పట్టా, అంటే మనిషి చేత్తో బండి నడుపుకునే అనుమతి, ఇచ్చింది. ఆయన పనిచేసే షెడ్డు నుంచి ఇంటికి కిలోమీటరు. ఆయన పన్నెండున్నరకూ రావచ్చు, రెండుకూ రావచ్చు. వాళ్ల పదకొండో వీధి మలుపు దగ్గర గేరు దించగానే ఇంజను మూడో సిలిండరు ఒక దెబ్బ ఎగ్గొట్టేది. బండి ఒక్కసారి దగ్గేది. ఆ దగ్గు వినపడగానే సహస్ర పప్పుగిన్నె మూత తీసేది. ముప్ఫై ఏళ్లు ఆమెకు తెలిసిన రాకపలక అదే.

ఆయన పోయి నాలుగేళ్లయింది. పట్టా ఆమె పేరుకు మారింది గానీ, ఏడాదికి ఒక్కసారి, తనిఖీ రోజున మాత్రమే నడపాలన్నారు. ఆ రోజు బండి సొంత ఇంజనుతో షెడ్డు నుంచి ఇంటిదాకా రాకపోతే పట్టా రద్దు, బండి కరిగించే కొలిమికి. మొదటి మూడు తనిఖీలకూ ఆమే నడిపి గట్టెక్కించింది. నాలుగోసారికి ముందు షెడ్డులో ఉత్తినే ఒకసారి స్టార్టు చేసి చూసుకుంటుండగా ఇంజను పెద్ద చప్పుడుతో పట్టేసింది. లోపల కడ్డీ విరిగి, ఇంజను పక్క గోడను చీల్చుకుని బయటికొచ్చింది.

తప్పు ఆమెదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానుగ నూనెతో నడిచే ఇంజనులో ఆయిలు త్వరగా చిక్కబడుతుంది, వేళకు మార్చాలి. షెడ్డు మెకానిక్కు రెహాన్ బాషా ఏటా మొత్తుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ ఆయిలు మోక్షిత్ పోసింది. చివరిసారి, డబ్బా ఎత్తి పట్టుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా ఆయన చేత్తో పోసింది. దాన్ని తీసి మురికి డబ్బాలో పారబోయడానికి ఆమెకు మనసొప్పలేదు. అది బెల్లం పాకంలా తయారై ఇంజను ప్రాణం తీసింది.

ఇక ఏడు రోజులే గడువు. వచ్చే గురువారం మధ్యాహ్నం తనిఖీ. కొత్త ఇంజను ఒక్కసారి బిగించాక సర్కారు ముద్ర పడుతుంది, మళ్లీ మార్చడానికి వీల్లేదు. సహస్ర చెప్పులేసుకుని నడుచుకుంటూ రెహాన్ షెడ్డుకు వెళ్లింది.

రెహాన్‌కు ఎనభై దాటాయి. ఇరవై ఏళ్ల కిందటే రెండు చెవులూ పోయాయి. కొత్త చెవులు పెట్టించుకుని చూశాడు గానీ, మనిషి గొంతూ ఇంజను గొంతూ ఒకేలా ఉన్నాయని తీసి పారేశాడు. ఇప్పుడు అక్షరాద్దాలు పెట్టుకుంటాడు. ఎదుటివాళ్లు మాట్లాడిన మాటలు ఆ కళ్లద్దాల మీద అక్షరాలై పడతాయి.

"రా చెల్లెమ్మా. ఇవిగో, మూడున్నాయి. నీ ఇష్టం," అన్నాడు.

మొదటిది చిన్న మోటారు, దానికో పెట్టె. మోటారు చప్పుడు చెయ్యకుండా బండిని లాగుతుంది. పెట్టెలోంచి కలగూరగంప శబ్దం వస్తుంది. ఎవరిదో పెళ్లి వీడియోలో వెనకాల వినపడిన పధ్నాలుగు సెకన్ల ముక్కలోంచి ఆ శబ్దాన్ని తయారు చేశారు. రెహాన్ మీట నొక్కాడు. దగ్గు వినపడింది. సహస్ర పెట్టె మీదికి వంగింది.

"మళ్లీ పెట్టన్నా."

పెట్టాడు. మళ్లీ అదే దగ్గు.

"ఇంకోసారి."

మూడోసారికి ఆమె ముఖం వాడిపోయింది. "ఇది ఎన్నిసార్లయినా ఇలాగే దగ్గిద్దా?"

"వెంట్రుకవాసి తేడా రాదంట. అదే దీని గొప్ప."

"ఆయన జ్వరంతో వచ్చిన రోజు దగ్గు సాగేది అన్నా. క్లచ్చి తొక్కే ఓపిక ఉండేది కాదు. ఎవరితోనన్నా పోట్లాడి వస్తే టక్కున తెగేది. మనిషి గుమ్మంలోకి రాకముందే మజ్జిగ ఇవ్వాలో మంచినీళ్లివ్వాలో నాకు తెలిసిపోయేది. దీంట్లో మనిషేడీ?"

అద్దాల మీద ఆ మాటలన్నీ చదువుకుని రెహాన్ పెట్టెను పక్కకు తోసేశాడు.

రెండోది చెక్కపెట్టెలో ఇన్నేళ్లూ కొత్తగానే పడున్న ఇంజను. కలగూరగంపలో ఉన్న రకమే, ఒక్కరోజూ నడవలేదు. మీట తిప్పగానే పలికింది. ఎక్కడా తడబాటు లేదు. బళ్లో పాఠం అప్పజెప్పినంత శుద్ధంగా కొట్టుకుంది.

మూడోది కంకిపాడు దగ్గర ఒక పాకలో దొరికిన పాత పంపుసెట్టు ఇంజను. తుప్పు పట్టి, మట్టి పట్టి ఉంది. రెహాన్ హ్యాండిల్ తిప్పి తిప్పి, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాక అది ఒళ్లు విరుచుకుని లేచింది. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి మొన ఇంజనుకు ఆనించాడు, పిడిని పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వెనకటి మెకానిక్కులు అలా చెవికి ఆనించి ఇంజను నాడి చూసేవాళ్లు. చెవులు పోయాక రెహాన్ పళ్లతో చూస్తున్నాడు.

"మూడో సిలిండరు ఎగ్గొడతంది," అన్నాడు పిడి తీసి. "మోక్షిత్ దాంట్లో ఉన్న జబ్బే. నా పళ్లకి గుర్తుంది."

సహస్ర ఆత్రంగా దగ్గరికెళ్లి నిలబడింది. చాలాసేపు విన్నది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇదీ కాదన్నా. ఏదో మోతలా ఉందంతే."

"అసలు బానెట్టు పక్కన నిలబడి నువ్వెప్పుడు విన్నావు? ఇక్కడ విన్నోళ్లం మేము. నువ్వు వంటింట్లోంచి విన్నావు. మధ్యలో మలుపుంది, మూడిళ్లున్నాయి, నీ కిటికీ ఉంది."

సహస్ర కలగూరగంప వైపు తిరిగింది. గురువారం తనే నడుపుకుంటూ రావాలని ఇన్నాళ్లూ అనుకుంది. తను బండిలో ఉంటే వంటింట్లో ఎవరుంటారు? రెండు తరాలుగా రోడ్డే బండి నడుపుతోంది. గేరు వెయ్యడం తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇద్దరే మిగిలారు. ఒకరు తను, రెండోవాడు చెవులు లేని రెహాన్. ఇంజను ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ఆ బండి వేసుకుని ఇంటికొచ్చే మనిషే ఈ లోకంలో లేడు.

"నువ్వు తోలుకొస్తావా అన్నా?"

"తోలతా. కానీ బుద్ధున్నోడెవడూ ఈ తుప్పుదాన్ని తీసుకోడు. చెక్కపెట్టెలోది తీసుకో. ఇది గురువారం లెగవకపోతే బండి కొలిమికి పోయిద్ది. నీకు ఆ గుర్తు కూడా మిగలదు."

"చెక్కపెట్టెలోది దగ్గదు," అన్నది సహస్ర. "తుప్పుదే బిగించు. ఆయిలు మాత్రం ఎప్పటికప్పుడు మార్చు. నేనింక అడ్డం రాను."

గురువారం తనిఖీ అధికారి ఆరిణి పదకొండింటికే షెడ్డుకు వచ్చింది. ముప్ఫై ఏళ్లుండవు. నిలువెల్లా వణుకుతున్న ఇంజనును చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది ఆపేదాకా ఇలా వణుకుతూనే ఉంటుందాండీ?"

"అది వణకటం కాదమ్మా, బతికుండటం," అన్నాడు రెహాన్. ఆరిణి ధైర్యం తెచ్చుకుని పక్క సీట్లో కూర్చుంది.

అప్పటికి సహస్ర ఇంట్లో కందిపప్పు ఉడికించి, దోసకాయ ముక్కలు వేసి, పోపు పెట్టేసింది. అన్నం వార్చింది. కంచం తీసి మోక్షిత్ కూర్చునే చోట పెట్టింది. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. గోడ మీద పలక నల్లగా ఉంది. ఇంజను లేచిందో లేదో, దారిలో ఆగిపోయిందో, చెప్పేవాళ్లు లేరు. ఎదురుచూడటం ఇంత కష్టమని ఆమె మరిచేపోయింది. గిన్నె మూత మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

ఒంటిగంటా పదికి మలుపు దగ్గర బండి దగ్గింది.

ఆమె చెయ్యి మూత తీసేసింది. వచ్చాడు, అనుకుంది. కాదని తెలుసు, అయినా అనుకుంది. దగ్గు కాస్త సాగింది. అలసిపోయాడు, మజ్జిగ ఇవ్వాలి అనుకుంది. చప్పుడు మూడిళ్లు దాటి వచ్చి, గుమ్మం ముందు రెండుసార్లు రొప్పి ఆగింది. ఆ కొన్ని క్షణాలూ సహస్రకు భర్త ఉన్నాడు. తర్వాత లేడు. వంటింటి గట్టు పట్టుకుని, గొంతు దాచుకోకుండా ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని మజ్జిగ గ్లాసుతో బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వీధిలో తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. పక్కింటి అత్తగారి చేతిలో గరిటె ఉంది. ఎదురింటి అభినవ్ గారు ఒంటి చెప్పుతో రోడ్డు మధ్యకి వచ్చేశారు. డెబ్భై అయిదేళ్ల మనిషి, ముఖమంతా వెలిగిపోతోంది. బండి తలుపు తీసుకుని ఆరిణి దిగగానే ఆ వెలుగు కాస్తా పోయింది.

"మా అమ్మాయేమో అనుకున్నానండీ," అన్నారాయన సిగ్గుపడుతూ. "అది ఆదివారం నాలుగూ పదికి గానీ రాదు. పలక మీద ఉంది. తెలుసు. అయినా చప్పుడవగానే..."

పక్కింటావిడ కోడలు అప్పటికే ఇంట్లో కూర్చుని అన్నం తింటోంది. మరి ఎవరి కోసం పరిగెత్తుకొచ్చిందో ఆవిడ చెప్పలేదు. గరిటె పట్టుకుని మలుపు వైపే చూస్తోంది. ఎవరూ లోపలికి పోలేదు.

రెహాన్ దిగి సహస్రను చూసి, "వినపడిందా చెల్లెమ్మా?" అన్నాడు.

ఆమె తలూపింది. "అన్నం పెట్టాను, రా అన్నా," అని మజ్జిగ గ్లాసు అందించింది.

"ఈ బండి రేపు కూడా వస్తుందాండీ?" అభినవ్ గారు ఆరిణిని అడిగారు.

"లేదండీ. పట్టా నిలిచింది గానీ, దాని ప్రకారం ఏడాదికి ఒక్కసారే." గడపల్లో నిలబడ్డవాళ్లని చూస్తూ అన్నది ఆ అమ్మాయి.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు దాకా దారిమనసు మరమ్మతుల విభాగానికి ఒకే సమాచారం పదేపదే పంపింది. పదకొండో వీధిలో ఇళ్ల తలుపులు తెరిచి ఉన్నాయి, చల్లదనం వృథా అవుతోంది, రాక ఉన్నా లేకపోయినా మూయడం లేదు, కారణం తెలియదు. వంటింట్లో సహస్ర పొయ్యి తగ్గించి, గిన్నె మీద మూత పెట్టి, కిటికీ రెక్క బార్లా తీసింది.