రాతి లోపల ఇద్దరం

"తీలెన్, మనిద్దరం ఇప్పుడు రాతి లోపల ఉన్నాం."

బ్రీనా ఆ మాట తాపీగా అంది.

గుహ కొలవడానికి దిగి ఐదు గంటలైంది. చుట్టూ తిరిగి, పొద్దున మొదలుపెట్టిన మేకు దగ్గరికే వచ్చాం. మా కొలతల ప్రకారం ఆమె పుస్తకంలో గీస్తూ వచ్చిన దారి గీత మాత్రం ఏడు మీటర్లు పక్కకు పోయి, గట్టి బండ మధ్యలో ఆగింది.

ఎక్కడో నీటిచుక్క పడింది. ఇంకొకటి పడుతుందని చూశాను. పడలేదు.

ఈ గుహ మనుషుల్ని దారి తప్పిస్తుందని మా ఊళ్లో అంటే నవ్వేసేవాణ్ణి. ఇవాళ నవ్వు రాలేదు. అసలు నేను వచ్చింది బ్రీనాను పెళ్లి మాట అడగడానికి. ఎల్లుండి ఆమె రెండేళ్ల ఉద్యోగానికి నార్వే వెళ్లిపోతోంది.

"దిక్సూచి చూసింది నువ్వే కదా?" అంది బ్రీనా.

"ప్రతిచోటా మూడేసి సార్లు చూశాను. ఇక్కడ మూడుసార్లూ రెండువందల పద్నాలుగు డిగ్రీలే. పొల్లు పోలేదు!"

"ఒకే అబద్ధం మూడుసార్లు చెప్తే నిజమైపోతుందా, మహానుభావా? ఇలా ఇయ్యి."

ఆమె చూసింది. రెండువందల ఏడు. నేను చూశాను. పద్నాలుగు. మళ్లీ ఆమె. ఏడు.

నేను పట్టుకోగానే ముల్లు ఎవరో వేలితో తోసినట్టు పక్కకు జరుగుతోంది.

"నీ దగ్గరేదో ఉంది," బ్రీనా గొంతు తగ్గించింది. "జేబులు ఖాళీ చెయ్."

"ఏం లేదే..."

"తీలెన్!"

చొక్కా జేబులోంచి చిన్న పెట్టె తీశాను. మూతకు అయస్కాంతం. లోపల ఉంగరం.

"పొద్దుట్నుంచీ దీన్ని గుండె మీద పెట్టుకుని కొలుస్తున్నావా?"

"అడుగుదామనే... ధైర్యం చాల్లేదు. నువ్వంటే నాకు ప్రాణం, బ్రీనా."

ఆమె గ్లోవు తీసి చెయ్యి చాపింది. ఉంగరం వేలికి వదులై గిర్రున తిరిగింది.

"ఇదీ తప్పే! ఎలా కొలిచావు?"

"నీ గ్లోవు వేలికి దారం చుట్టి. మూడుసార్లూ ఒకటే వచ్చింది."

బ్రీనా పకపకా నవ్వింది. కాసేపాగి చీకట్లోంచి ఆ నవ్వు వెనక్కొచ్చింది, ఇంకెవరో నవ్వినట్టు. ఇద్దరం దగ్గరికి జరిగాం.

"సరిచేయించి నార్వేకి నువ్వే పట్టుకురా," అందామె. "ఇదిగో, వట్టి వేలు కొలుచుకో."

చొక్కా అంచు నుంచి దారం లాగి చుట్టాను. నా చేతులు ఒకటే వణుకు. మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా వచ్చింది.

"ఫర్వాలేదులే," అంది బ్రీనా, చెయ్యి వెనక్కి తీసుకోకుండా. "ఈసారి కొలిచింది నా వేలినే."