మూడు పాత స్కాన్లు

ఉదయగిరి ప్రేమానందం సారు మంచివాడే గానీ వట్టి మొండిఘటం. పొట్టలో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, తొంభై ఏడులో మద్రాసు డాక్టర్లు గజ్జల్లోంచి గొట్టం పంపి ఆ నాళంలో అమర్చినారు. "గొట్టం పక్కనించి నెత్తురు కారితే బుడగ పెరిగి పగిలిపోతుంది. ఆర్నెల్లకోసారి స్కాన్ తప్పొద్దు" అని మరీ మరీ చెప్పి పంపినారు.

ఈయన ఇంటికొచ్చిన ఆదివారమే చర్చిలో నిలబడి, దేవుడు పూర్తిగా బాగుచేసినాడని సాక్ష్యం చెప్పేసినాడు. అంతమంది చేత ఆమేన్ అనిపించుకున్నాక మళ్లీ స్కానుకు పోతే నలుగురూ ఏమనుకుంటారు? మూడుసార్లు ఎగ్గొట్టినాడు. ఈ నెల నడుంనొప్పి మొదలయ్యేసరికి ప్రాణభయం పట్టుకుంది. చుట్టాలింటికని చెప్పి, భార్య హన్నమ్మతో ఆత్మకూరు బస్సెక్కినాడు.

ఆమె బయట బల్లమీద కూర్చుంది. మిట్టమధ్యాహ్నమైనా స్కాన్ గది చీకటిగానే ఉంది. కిటికీలకు నల్లగుడ్డలు, స్పిరిట్ వాసన, ఆగకుండా మిషను రొద.

డాక్టర్ వెంకటరమణయ్య పేరు అడిగి, బీరువాలోంచి కవరు తీసినాడు.

"మీ పాత స్కాన్లు మూడూ ఈడే ఉండాయి. అయిదు, అయిదున్నర, ఆరున్నర సెంటీమీటర్లు. బుడగ పెరగతా ఉండాది. పోయినసారే మద్రాసు పొమ్మంటిని గదా?"

"నేను... రాలేదే..."

డాక్టరు రిజిస్టరు తిప్పి చూపించినాడు. మూడు సంతకాలు. బడిపిల్లలకు దిద్దబెట్టిన తన గుండ్రటి రాతే.

పొట్టమీద చల్లటి జిగురు పడింది. తెరమీద గొట్టం కనబడింది. డాక్టరు కొలిచినాడు. మళ్లీ కొలిచినాడు.

"నాలుగే..." అన్నాడు గొణుగుతున్నట్టు. "కారడం లేదు. ముడుచుకుపోయింది. అయ్యా... ఇది ఆ పొట్ట కాదు."

ఏ పొట్టయితేనేం, బతికిపోయినాననుకున్నాడు సారు. చొక్కా గుండీలు పెట్టుకుంటా బయటికొచ్చినాడు. బల్ల ఖాళీగా ఉంది.

నర్సు రెబెకమ్మ అతన్ని తేరిపార చూసింది. "అమ్మ ఇప్పుడే మీతోనే పోయె గదా సార్. మీరు పొట్ట పట్టుకోనుంటే... చెయ్యి పట్టి నడిపించుకోని..."

సారు బస్టాండుకు పరుగెత్తినాడు. ఉదయగిరి బస్సు కదులుతోంది. కిటికీ దగ్గర హన్నమ్మ. పక్కన ఎవరో మగమనిషి... రెండు చేతులూ పొట్టకు అదుముకుని, ఆమె భుజంమీద తలవాల్చి...

"హన్నా... దిగు... వాడు నేను కాదు..."

ఆమె చూసింది. నలభయ్యేళ్ల కాపురంలో ఆయన్ని ఎప్పుడూ అట్లా చూడలేదు. దారినపోయే పరాయివాణ్ణి చూసినట్టు చూసి, షట్టరు దించేసింది.