మెట్ల కింద 0.18

తీగను ముట్టుకోకుండానే అందులో ఎంత కరెంటు పారుతోందో చెప్పగల మొనగాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. నిజానికి చెప్పేది క్లాంప్ మీటరు. ఆ మీటరు కూడా మా బావది. దాన్ని మోసేది మాత్రం నేనే.

ఆ మధ్యాహ్నం దాన్ని మోసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. కింద పెద్దమ్మ ఉంటుంది. పైన టైలర్ అద్దెకుంటాడు. వారం క్రితం ఆవిడ నన్ను పిలిచి, "అన్నీ ఆపేసినా కరెంటు మీటరు లైటు మిణుకుమిణుకుమంటోందిరా, చూడు" అంది. నేను వెళ్ళి, మెట్ల కింద మీటరున్న గూటి తలుపు మీద పెన్సిలుతో 0.18 ఆంపియర్లు అని రాసి, "పైనుంచి ఎవరో లాగుతున్నారు పెద్దమ్మా" అని కన్ను గీటాను. సరదాకే అన్నాను. పెద్దమ్మకు సరదాలు అర్థం కావు. అనుమానాలైతే చెప్పకముందే అర్థమవుతాయి.

దాంతో పెద్దమ్మ టైలర్‌కు వారం గడువిచ్చింది. ఆ సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యాలి. నేను వెళ్ళేసరికి ఆయన కుట్టుమిషను విప్పి, దుప్పట్లో మూటకట్టి, దాని పక్కనే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఒక్కసారి నా ముందర కొలవమనండి అమ్మగారూ. దొంగనని తేలితే నేనే పోతాను."

"కొలవరా," అంది పెద్దమ్మ. "పాలేవో నీళ్ళేవో తేలిపోతాయి."

నాకూ కావలసింది అదే. సున్నా చూపించి, ఆ మూట విప్పించి, టీ తాగి పోదామనుకున్నాను.

పైనా కిందా స్విచ్చులన్నీ ఆపాం. ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశాం. మెయిన్ మాత్రం వేసే ఉంచి, ముగ్గురం మెట్ల కిందికి దూరాం. ఆ ఇరుకు కొట్టుకు కిటికీ లేదు. పక్కింటివాళ్ళు వినకూడదని పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసింది. పట్టపగలే కళ్ళు పొడుచుకున్నా కనబడని చీకటి. చెమ్మ పట్టిన సున్నం వాసన. దాని వెనకాల సన్నగా, మాడిన గుడ్డ వాసన.

"నా ఇస్త్రీ పెట్టె చల్లగానే ఉంది," అన్నాడు టైలర్.

ఎవరూ అడగలేదు. అడక్కుండా చెప్పేసరికి నాకూ ఆయన మీద కాస్త అనుమానం పుట్టింది.

వోల్టేజి చూశాను. 230. తర్వాత క్లాంప్ మీటరు నోరు తెరిచి, లోపలికి వెళ్ళే తీగకు పట్టించాను.

0.18.

"చూశావా," పెద్దమ్మ గుసగుసలాడింది. "గూటి తలుపు మీద ఉన్నదే."

నా వీపు మీద చన్నీళ్ళు జారినట్టయింది. ఎందుకో చివర్లో చెబుతాను.

"230 ఇంటూ 0.18," అన్నాను. "నలభై ఒక్క వాట్లు."

"బల్బే. నీ మిషను లైటే కదటయ్యా?"

"అది పదిహేను వాట్లేనమ్మా. అదీ మూటలో ఉంది."

నిజమే. మూట బయట మెట్ల మీద ఉంది. ఆయన రెండు చేతులూ మీటరు తెర వెలుగులో నా పక్కనే కనబడుతున్నాయి.

భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను లెక్కలు చేస్తాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. అంటే, తీగ చివర ఉన్నదేదో కరెంటును ఎంత అడ్డుకుంటోందో తెలుస్తుంది. 230 బై 0.18. పన్నెండు వందల డెబ్బై ఎనిమిది ఓములు. బల్బైతే ఆ అంకె అక్కడే నిలబడాలి.

నిలబడలేదు.

0.19... 0.20...

మెల్లగా. ఎవరో పట్టు బిగిస్తున్నట్టు.

"నువ్వేమైనా కదిపావా?"

"ఊపిరి కూడా కదపలేదు పెద్దమ్మా."

గోడలోంచి జుమ్మని సన్నటి మోత. మాడు వాసన చిక్కబడింది. 0.21... 0.23... అక్కడ ఆగింది. భాగించాను. భాగించకుండా ఉండాల్సింది.

సరిగ్గా వెయ్యి.

ఎలక్ట్రీషియన్ ట్రైనింగులో మా మాస్టారు ఒక అంకె బోర్డు మీద రాసి, పరీక్షలో రాకపోయినా గుర్తుంచుకోమన్నారు. తీగ పట్టుకున్న మనిషి పొడిచేతులతో ఉంటే కరెంటును గట్టిగానే అడ్డుకుంటాడు. చెమట పట్టేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. ఒళ్ళంతా తడిసిన మనిషైతే... దాదాపు వెయ్యి ఓములు.

బల్బుకు చెమట పట్టదు.

"తమ్ముడూ," టైలర్ నా చెవి దగ్గర అన్నాడు. "ఏ సామాను అది?"

"సామాను కాదు."

నేను గోడకు వంగి, వాళ్ళకు వినబడకుండా రెండు ముక్కలు అన్నాను.

0.00.

మోత ఆగింది.

"మీటరు పాడైంది పెద్దమ్మా. ఆ రోజు కూడా అదే అయ్యుంటుంది. ఆయన్ని ఉండనీ," అన్నాను. టైలర్ మూట నేనే పైకి మోశాను. పెద్దమ్మ కిందనుంచి నన్నే అనుమానంగా చూస్తూ నిలబడింది. వారం నుంచీ ఆవిడ అలా చూడాల్సింది నన్నే.

ఇక దాచింది చెప్పేస్తాను. సిగ్గుగానే ఉంది. వారం క్రితం నేను ఏమీ కొలవలేదు. క్లాంప్ మీటరులో సెల్లు లేవు. మ్యాచ్ చూడ్డానికి నేనే తీసి టీవీ రిమోటులో వేశాను. ఆ మాట చెప్పలేక, మరీ గుండ్రటి అంకె అయితే నమ్మరని, 0.18 అని నోటికొచ్చింది రాశాను. గోడతో నేనన్న ముక్కలు అవే: "అది అబద్ధం. వదిలెయ్."

రెండోసారి బయల్దేరేముందు, సెల్లు తీసి మీటరులో వెయ్యమని అక్కకు చెప్పాను. మూత తెరిచి చూసుకోలేదు. మొనగాణ్ణి కదా.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క కాళ్ళు చాపుకుని కూర్చుని, రిమోటు నొక్కుతూ ఛానళ్ళు మారుస్తోంది.

"సెల్లా," అంది టీవీ మీంచి కళ్ళు తియ్యకుండా. "మరిచిపోయాన్రా."