ఖాళీ పేజీల జిరాక్స్

మధ్యాహ్నం 3:20. లాయరు ఆఫీసు బీరువాలో ఉండాల్సిన పాస్‌పోర్టు లేదు.

మామూలు పాస్‌పోర్టయితే ఇన్‌స్పెక్టర్ ఇంత పరుగున వచ్చేది కాదు. ఇది చనిపోయిన ఒక తల్లిది. చిన్నప్పుడు తల్లి పాస్‌పోర్టు మీద ఈ దేశంలో అడుగుపెట్టినవాళ్లకి నేరుగా పౌరసత్వమిచ్చే దారిని ఈ సాయంత్రం ఐదింటితో మూసేస్తున్నారు. కౌంటర్లో ఒరిజినల్ చూపించాలి. లేదంటే పదేళ్ల ఎదురుచూపు.

"మా అమ్మ పాస్‌పోర్టు పోగొట్టి నా కొంప ముంచారు మేడమ్!" ఫిర్యాదు చేసిన నర్సు గుమాస్తా వైపు వేలు చూపించింది. "బీరువా తాళం ఈయన దగ్గరే ఉంటుంది."

గుమాస్తా చేతులు జోడించాడు. "ఒంటిగంటకి భోజనానికెళ్తూ తాళంచెవి బీరువాకే వదిలేశాను మేడమ్. అంతే నేను చేసిన పాపం."

"అప్పుడిక్కడ ఎవరున్నారు?"

"నేను లోపల ఫోన్లో ఉన్నాను," అన్నాడు లాయరు. "బయట ఈవిడ అక్క కూర్చుని ఉంది. అంతకుముందే పాస్‌పోర్టు తనకిమ్మని బతిమాలింది. చెల్లెలి సంతకం లేనిదే కుదరదన్నాను."

తను పనిచేసే బేకరీ నుంచి కానిస్టేబుల్ పిలుచుకొచ్చిన అక్క, ఏప్రన్‌తోనే, భుజాన సంచితో తలుపు దగ్గర నిలబడింది. చెల్లెలి మొహం చూడటం లేదు.

"మాకు నాలుగేళ్లుగా మాటల్లేవు," అంది నర్సు. "అయినా అది దొంగతనం చేసే రకం కాదు."

ఇన్‌స్పెక్టర్ నర్సు ఫైలు తెరిచింది. పాస్‌పోర్టు ఉండాల్సిన చోట జిరాక్స్ కట్ట. అంచులు సరిచేసి పిన్ను కొట్టారు. ముప్పై రెండు కాగితాలు. సగానికి పైగా ఖాళీ పేజీలవే.

"ఇవి మీరు తీశారా?"

గుమాస్తాకి రోషం వచ్చింది. "ఖాళీ పేజీలు ఎవరైనా తీస్తారా మేడమ్? ఫోటో ఉన్నదీ, ముద్రలున్నవీ తీస్తాం. ఇరవై ఏళ్ల సర్వీసు నాది!"

3:50.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ దొంగ మాత్రం తనే దొరికిపోయింది. అమ్ముకునేవాడు కాపీ పెట్టి పోడు. పని తెలిసినవాడు ఖాళీ పేజీ తీయడు. ఈ అమ్మాయికి నష్టం రాకూడదని ఒక్క పేజీ కూడా వదలకుండా తీసిన మనిషి ఎవరు?"

అక్క ఏప్రన్ జేబులోంచి పాస్‌పోర్టు తీసింది.

"అమ్మ నన్నూ దీనిమీదే తెచ్చింది మేడమ్. షిఫ్టు అవగానే వెళ్దామని నా ఫైలు కూడా సంచిలో పెట్టుకున్నా. ఒరిజినల్ వాళ్లే ఉంచేసుకుంటారనుకున్నా. చెల్లికి జిరాక్స్ సరిపోతుందిలే అనుకున్నా."

"చూసి అక్కడికక్కడే తిరిగిచ్చేస్తారు!" లాయరు తల పట్టుకున్నాడు. "మీ చెల్లెల్ని ఒక్కమాట అడిగితే పోయేదిగా!"

అడగడానికి మాటలుండాలిగా! ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఇద్దర్నీ ఫైళ్లతో సహా జీపెక్కించింది.

ట్రాఫిక్ దాటి కౌంటర్ చేరేసరికి 4:54.

"ఒక్క ఫైలే తీసుకోగలను," అన్నాడు ఉద్యోగి.

అక్క వెనక్కి జరిగింది. "దానిది తీసుకోండి."

నర్సు అక్క చేతిలోని ఫైలు లాక్కుంది. పైనే ఉన్న వర్క్ పర్మిట్ మీద తేదీ చూసింది. ఈ నెలాఖరుతో సరి.

"నా పర్మిట్‌కింకా మూడేళ్లుంది. నీకు మూడు వారాలు కూడా లేవు. నోరు మూసుకుని సంతకం పెట్టక్కా!"

4:59కి ముద్ర పడింది. షట్టర్ దిగింది. అక్క అక్కడే కూలబడి భోరుమంది.

"మరి ఫిర్యాదు సంగతి?" ఇన్‌స్పెక్టర్ మెల్లగా అడిగింది.

నర్సు కళ్లు తుడుచుకుంది.

"ఏ ఫిర్యాదు మేడమ్? మా అమ్మ పాస్‌పోర్టు. మా అక్క దగ్గరుంది."